కొలంబో ప్రస్థానం

మెల్‌బోర్న్,
14 సెప్టెంబరు 2025

రామ్మోహనరావు అన్నయ్యగారికి,
మూర్తి నమస్కారాలు.

చెవి మిషను మార్చినా ఫోనులో నా మాట మీకు చేరడం లేదని మొన్ననే తెలిసింది. నేను "ఆపరేషను" అంటే మీరు "ఆవకాయా, ఇంకా సగం జాడీ ఉంది" అన్నారు. అందుకని మెయిల్లో రాస్తున్నాను. ఇది వదినగారి కంట పడనివ్వకండి.

అలివేలు గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. నవంబరు 13, గురువారం ఆపరేషను. చెయ్యకపోతే ఏడాది గడవడం కష్టమన్నారు. చేస్తే, మూత్రపిండాలు కూడా బలహీనంగా ఉన్నాయి కాబట్టి ఏ సంగతీ ముందుగా చెప్పలేమన్నారు. డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. నేనే బయటికొచ్చి, కారు ఎక్కడ పెట్టానో గుర్తురాక మూడు అంతస్తులు వెతికాను.

వాళ్ళ అక్కకు, అంటే వదినగారికి, చెప్పనని అలివేలు నా చేత ఒట్టు వేయించుకుంది. "చెబితే నడుము సంగతి కూడా చూసుకోకుండా బయలుదేరుతుంది, దాని సంగతి మీకు తెలీదు" అంటుంది. అయితే ఆసుపత్రి ఫారంలో దగ్గరి బంధువు ఎవరని అడిగినచోట తన అక్క పేరు రాయించింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా పక్కనున్నవాణ్ణి నేను. బాధ వేసింది, అబద్ధమెందుకు. ఇంటికొచ్చాక అర్థమైంది, రమ్మని అడగలేక అలా పిలుచుకుందని.

వదినగారు ఆపరేషనుకు ముందే రావాలి. మామూలు సీట్లో అంతసేపు కూర్చోలేరు కదా. బిజినెస్ క్లాసులో సీటు మంచంలా పూర్తిగా వాలుతుంది, దుప్పటి కప్పుకుని పడుకునే రావచ్చు. మీ ఇద్దరి టికెట్లూ నేనే తీస్తాను. మొహమాటపడకండి.

మీ
సత్యనారాయణమూర్తి


నాచారం,
18 సెప్టెంబరు 2025

మూర్తిగారికి,
ఆశీస్సులు.

అలివేలు సంగతి చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మా పెళ్ళికి అది పదిహేనేళ్ళ పిల్ల. నా చెప్పులు దాచి పది రూపాయలు గుంజింది. ఆ పిల్ల గుండెకు కోత పెడతారంటే నాకు ఆ పది రూపాయలే గుర్తొస్తున్నాయి.

త్రిపుర పరిస్థితి మీరు విన్నదే. ఫాల్గుణంలో బాత్రూములో జారి పడ్డ దగ్గర్నుంచి, వెన్ను ఆపరేషను అయ్యాక కూడా, రెండు గంటలు కూర్చుందంటే మూడో గంట పడుకోవాల్సిందే. హబ్సిగూడలో పెళ్ళికి వెళ్తే తలంబ్రాల వేళకు కల్యాణమండపం వెనక గదిలో చాప మీద ఉంది. కాబట్టి పడుకునే సీటు కావాలన్న మాట నిజమే.

టికెట్లు మీరు తీస్తానన్నారు. ఆ అవసరం లేదు. నా భార్యను నేను తెచ్చుకుంటాను. ఎవరు ఏ క్లాసులో వెళ్ళాలో మన అత్తవారింట్లో ఎప్పుడో తేలిపోయింది, అది మళ్ళీ కెలకవద్దు.

ఉప్పల్ రింగు దగ్గర మిఠాయి కొట్టు మేడ మీద నరేందర్ అని టికెట్లు తీసిపెట్టే అతను ఉన్నాడు, మా పక్కింటి వెంకటనర్సమ్మ గారి అక్క కొడుకు. ధర అడిగాను. "అంకుల్, జర కూసోండ్రి, ముందుగాల నీళ్ళు తాగుండ్రి, గప్పుడు చెప్త" అన్నాడు. చెప్పాక ఇంకో గ్లాసు అడిగి తాగాను. ఇంతకన్నా తక్కువలో దారి ఏదైనా ఉంటే మీ అమ్మాయి హరిచందనను చూడమనండి. అంతవరకే మీ సాయం.

త్రిపురకు, మీ అమ్మాయి కొత్త ఇల్లు కొన్నదని, గృహప్రవేశానికి పిలుస్తున్నారని చెప్పాను. మీరూ ఆ మాట మీదే ఉండండి.

రామ్మోహనరావు


మెల్‌బోర్న్,
27 సెప్టెంబరు 2025

అన్నయ్యగారికి,
నమస్కారం.

ఏ మాటకు మీకు కోపం వచ్చిందో నాకు తెలియలేదు. తెలియకపోయినా క్షమించండి.

హరిచందన పది రోజులు కూర్చుని మీకు చవకైనది వెతికింది. హైదరాబాదులో ఎక్కితే ఒక ధర. అదే కంపెనీ వాళ్ళకు కొలంబోలో ఎక్కితే సగం కన్నా తక్కువట. అక్కడ సీట్లు నింపుకోవడానికి తగ్గిస్తారట. కొలంబో నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఏకబిగిన మెల్‌బోర్న్. నవంబరు 6, గురువారం సాయంత్రం కొలంబోలో బయలుదేరితే శుక్రవారానికల్లా మీరు మా ఇంట్లో ఉంటారు. హైదరాబాదు నుంచి కొలంబోకి వేరే చిన్న టికెట్టు తీసుకోవాలి. రెండు గంటల ప్రయాణం, వదినగారికి ఇబ్బంది ఉండదు. ఆస్ట్రేలియా వీసా మీకు ఎలాగూ ఉంది, శ్రీలంక అనుమతి ఇంటర్నెట్లోనే వస్తుంది.

ప్రయాణం కొలంబోలోనే మొదలు కావాలి, ఇది గుర్తుంచుకోండి. టికెట్టు మీ పేరు మీద మీరే తీసుకోండి, నేను వేలు పెట్టను. ఈ ధర అక్టోబరు మొదటి వారం దాకానే ఉంటుంది.

గృహప్రవేశం మాట అలివేలుకు చెబితే నవ్వింది. నవ్వి, ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది.

మీ
మూర్తి


నాచారం,
3 అక్టోబరు 2025

మూర్తిగారికి,
దసరా ఆశీస్సులు. అలివేలుకు నా మాటగా చెప్పండి.

నిన్న వెంకటనర్సమ్మ గారు జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం తీస్కో అన్నా, నీ పైనం మంచిగైతది" అన్నది. కొలంబో సంగతి చెబితే మాత్రం నోరు తెరిచింది. "ఢిల్లీ దిక్కు పోయేటోళ్ళు దక్షిణం దిక్కు పోవుడేంది?" అంది. ఆమె చదువుకోలేదు. అయినా నేను అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది మీ అమ్మాయి మార్గం. సరే, ధర చూసి నోరు మూసుకున్నాను. నరేందర్ దగ్గర టికెట్లు తీశాను. కొలంబోకి చిన్న టికెట్లు కూడా, గురువారం ఉదయానికి.

త్రిపురకు ఒకటే అనుమానం. "బిజినెస్ క్లాసంటే వ్యాపారస్తులకు కదండీ, మనకేం వ్యాపారం ఉందని ఎక్కనిస్తారు?" అని మూడుసార్లు అడిగింది. అడిగితే ఆవకాయ వ్యాపారమని చెప్పమన్నాను.

"మీకు చవకైనది వెతికింది" అని రాశారు. చదివి ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోతున్నాను. 1986 దీపావళి మీకు గుర్తుందో లేదో. సికింద్రాబాదులో ఒకే రైలెక్కి తెనాలి, అత్తవారింటికి వెళ్ళాం. మీరూ అలివేలూ ఫస్ట్ క్లాసు. పెద్దల్లుణ్ణి, నాచారం ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తాను, నేనూ త్రిపురా సెకండ్ క్లాసులో పెట్టె మీద కూర్చుని వెళ్ళాం. తెల్లారి స్టేషనులో మామగారు తిన్నగా మీ పెట్టె దగ్గరికి వెళ్ళారు. నేను సంచులు మోసుకుంటూ ప్లాట్‌ఫారం ఆ చివర్నుంచి నడిచాను. బ్యాంకు ఆఫీసరు అల్లుడికి ఫస్ట్ క్లాసు టికెట్టు పంపి, నాకు సెకండ్ క్లాసుకు పంపిన మనిషిని నేను ఒక్క మాట అనలేదు. చనిపోయినప్పుడు పాడె కూడా మోశాను. కానీ మరిచిపోలేదు.

మీరు కాదు చేసింది, ఆయన. అయినా రాశాను. మనసులో పెట్టుకుని మీ ఇంట భోజనం చేయలేను.

రామ్మోహనరావు


మెల్‌బోర్న్,
16 అక్టోబరు 2025

అన్నయ్యగారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. అలివేలు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నిన్న ఇంటికి తెచ్చాం. ఆపరేషను తేదీ మారలేదు.

మీ ఉత్తరం ఆసుపత్రి కుర్చీలో చదివాను. నాకూ కోపం వచ్చింది, దాచను.

మామగారు ఆ దీపావళికి మన ఇద్దరికీ ఒకే మొత్తం పంపారు. సెకండ్ క్లాసుకే. అలివేలుకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందిగా. అదే గుండెను పట్టుకుంది. ఆ సంగతి పెళ్ళయిన మూడో నెల్లో ఒక డాక్టరు చెప్పాడు. ప్రయాణం ముందు రోజు అది నాలుగడుగులు వేస్తే ఊపిరాడటం లేదంది. నేను నా జీతంలోంచి మిగతాది వేసి ఫస్ట్ క్లాసుకు మార్పించాను, పడుకుని వస్తుందని. మామగారు మా పెట్టె దగ్గరికి ముందు వచ్చింది ఆమెను దించుకోవడానికి. "అక్కకు తెలిస్తే భయపడుతుంది" అని అప్పుడూ ఒట్టే. తండ్రీకూతుళ్ళిద్దరూ నాచేత వేయించారు.

ముప్పై తొమ్మిదేళ్ళు మీరు నన్ను ఫస్ట్ క్లాసు అల్లుణ్ణి అనుకున్నారు. నాకు ఆ రైల్లో రాత్రంతా కునుకు లేదు.

మూర్తి


నాచారం,
23 అక్టోబరు 2025

మూర్తిగారికి,

ఉత్తరం అందింది. మామగారి సంగతి చదివాను. దానికి జవాబు మెయిల్లో రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెబుతాను.

ప్రయాణం విషయంలో చిన్న మార్పు చేశాను. గురువారం దక్షిణ శూల. దక్షిణానికి బయలుదేరకూడదని త్రిపుర పట్టుబట్టింది. బుధవారమే మూట ఒకటి పక్కింట్లో పెట్టి ప్రస్థానం చేద్దామంది. మంచి ఘడియలో మన వస్తువు గడప దాటితే మనం దాటినట్టే కదా. కానీ నేను అంతకన్నా మంచి ఉపాయం ఆలోచించాను. కొలంబో టికెట్లు రద్దు చేయించాను. గురువారం ఉదయం హైదరాబాదు నుంచి తిన్నగా ఢిల్లీ వెళ్తాం. మన విమానం ఎలాగూ కొలంబో నుంచి ఢిల్లీకే వస్తుంది. అక్కడ ఎక్కేస్తాం. కాచిగూడ నుంచి టికెట్టు తీసుకుని మల్కాజిగిరిలో ఎక్కడం నాకు కొత్త కాదు, బెర్తు మనదైతే స్టేషను ఏదైతేనేం. ముప్పై ఏడేళ్ళు సరుకు పంపినవాణ్ణి, దారి నాకు చెప్పక్కర్లేదు.

నరేందర్ ఊళ్ళో లేడు, కొలంబో టికెట్ల రద్దూ ఢిల్లీ టికెట్లూ నేనే ఫోన్లో వేలితో నొక్కి చేసుకున్నాను.

సామాను సర్దుకోవాలి. ఇక మెయిల్ తెరవను. ఉత్తరాలు చాలు. అక్కడే కలుద్దాం.

రామ్మోహనరావు


మెల్‌బోర్న్,
24 అక్టోబరు 2025

అన్నయ్యగారూ,

అలా చెయ్యకండి. విమానం రైలు కాదు. మొదటి మజిలీ ఎక్కకపోతే మిగతా టికెట్టు మొత్తం రద్దవుతుంది. ఢిల్లీలో మీ సీట్లు ఉండవు, డబ్బూ రాదు. అప్పటికప్పుడు పడుకునే సీటు దొరకదు. కొలంబోకి మళ్ళీ టికెట్లు తీయండి. ఇది చూసిన వెంటనే ఒక్క ముక్క రాయండి.

మూర్తి


మెల్‌బోర్న్,
27 అక్టోబరు 2025

అన్నయ్యగారూ,

మూడు రోజులైంది. మీరు చూడలేదు. ఫోను చేస్తే ఎత్తి "మెయిల్ చూశాను, సరే, సరే" అన్నారు. నేను ఏమన్నానో మీకు ఏం వినపడిందో దేవుడికి తెలియాలి.

నా మీద కోపంతోనే తెరవడం లేదని నాకు తెలుసు. పాత సంగతి నేను అలా రాసి ఉండాల్సింది కాదు.

ఇంక నాకు వేరే దారి లేదు. ఇప్పుడు వదినగారికి ఫోను చేస్తున్నాను. టికెట్టు సంగతి చెప్పాలంటే ఎందుకింత తొందరో చెప్పాలి. అలివేలుకు వేసిన ఒట్టు తప్పుతున్నాను. పక్క గదిలో పడుకుని ఉంది. చేసిన తరవాత దానికి నేనే చెబుతాను.

మూర్తి


నాచారం,
30 అక్టోబరు 2025

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ నువ్వు ఫోను చేసిన రోజే చదివాను, టికెట్ల సంగతి తేలాక జవాబు రాస్తున్నాను. చదవని మూడు రోజులకూ నన్ను నేను తిట్టుకున్నాను, నువ్వు వేరే తిట్టక్కర్లేదు.

నిజం చెబుతాను. కోపంతో కాదు తెరవనిది, సిగ్గుతో. మామగారు చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని "పెద్దల్లుడూ, నీకేం లోటు చేశానయ్యా" అని అడిగారు. నేను గోడకేసి చూశాను. నీ ఉత్తరం చదివాక ఆ గోడే కనిపిస్తోంది. నీకు ఏమని జవాబు రాయను? అందుకే దారి గురించి గొప్పలు రాశాను.

నువ్వు ఫోను చేసినప్పుడు త్రిపుర వంటింట్లో నిలబడి ఉంది. విని, పెట్టేసి, నా దగ్గరికి వచ్చి కాగితం మీద రాసింది: "మీ చెవులు వినవు, సరే. కళ్ళు కూడా చదవవా?" ఆ కాగితం దాచుకున్నాను.

దానికి అంతా తెలుసు తమ్ముడూ. శ్రావణం నుంచీ తెలుసు. అలివేలు ఫోనులో ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటోందట. "గృహప్రవేశానికి పిలిచే గొంతా అది?" అంది. చెల్లెలు చెప్పకూడదనుకుంది కాబట్టి తెలియనట్టు ఉందట. మనిద్దరం మగవాళ్ళం ఎంత రహస్యంగా ఉత్తరాలు రాసుకున్నామో తలుచుకుంటే నవ్వొస్తోంది. ఒట్టు తప్పానని నువ్వు బాధపడకు. అక్కడ దాచిందీ ఇక్కడ దాచిందీ ఒకటే సంగతి.

నరేందర్ వరంగల్ నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, గిది మల్కాజిగిరి గాదు. మొదటి కాడ ఎక్కకుంటే పేరే కొట్టేస్తరు" అన్నాడు. గురువారం కొలంబోకి సీట్లు లేవు. బుధవారం ఉన్నాయి. రాత్రి అక్కడ ఉండాలి. బుధవారం కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున వత్తులు వెలిగించుకుని బయలుదేరవచ్చని త్రిపుర సంతోషించింది. దక్షిణానికి శూల కూడా లేదు. వెంకటనర్సమ్మ గారు, "మూట మా ఇంట్ల పెట్టుడేంది ఇగ, కొలంబోల్నే పెడ్తున్రు పరస్థానం. గింత దూరం ఎవ్వలు పెట్టలే" అంది. అంత మాటా అని, మూట మాత్రం అడిగి తీసుకుని ఒక పూట తన దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఒక్కటి అడుగుతాను. ఆ కొలంబో చిన్న టికెట్లు రెండూ నువ్వు తీసి పంపు. నేను తీయలేక కాదు. నువ్వు మొదట ఇస్తానన్నప్పుడు నేను పుచ్చుకోలేదు, అందుకని.

అలివేలుకు నేను దాని చెప్పులు దాచడానికి వస్తున్నానని చెప్పు.

మీ అన్నయ్య
రామ్మోహనరావు


మెల్‌బోర్న్, ఆసుపత్రి వరండా,
13 నవంబరు 2025

(చీటీల మీద)

అన్నయ్యా, మీ చెవి మిషను బ్యాటరీ అయిపోయినట్టుంది, మూడుసార్లు పిలిచాను. పక్కనే కూర్చుని ఉత్తరాలు రాసుకోవడం మన రాత. ఆరు గంటలైంది లోపలికి తీసుకెళ్ళి. ఇంకా రెండు పడుతుందన్నారు. కాఫీ తెస్తాను. – మూర్తి

కాఫీ వద్దు. త్రిపురను పడుకోమను, బల్ల ఖాళీగానే ఉంది. పొద్దుటినుంచి కూర్చుంటోంది, నిలబడుతోంది. నా మాట వినదు. – రామ్మోహనరావు

నా మాటా వినలేదు. ఇంకోటి. నిన్న వదినగారు అలివేలుతో చెబుతుంటే విన్నాను. విమానంలో పడుకునే సీటు ఆమె ఒక్కరికే తీశారట. మీరు వెనక మామూలు సీట్లో కూర్చుని, గంట గంటకూ ముందుకు నడిచి వచ్చి దుప్పటి సర్ది వెళ్ళారట. విమానంలో వడ్డించే పిల్ల నాలుగోసారికి మీకోసం రెండు క్లాసుల మధ్య తెర తీసి పెట్టిందట. నాకు ఒక్క మాట చెప్పలేదేం? – మూర్తి

1986లో నువ్వు చెప్పావా? – రామ్మోహనరావు


14 నవంబరు 2025
అక్కడే

తమ్ముడూ, ఆ నర్సు ఏమంది? నువ్వు కళ్ళు తుడుచుకుంటున్నావు, అది మంచికో చెడుకో నాకు తెలియడం లేదు. త్వరగా రాయి. – రామ్మోహనరావు

కవాటం బాగా పనిచేస్తోంది. మూత్రపిండాలు తట్టుకున్నాయి. గొట్టం తీసేశారు, మెలకువ వచ్చింది. ఒక్కరినే రానిస్తామని, ఫారంలో ఉన్న పేరు పిలిచారు. నోరు తిరగక "ట్రిపూరా" అన్నారు. వదినగారు ఒక్క అంగలో వెళ్ళారు. – మూర్తి

అదిగో వచ్చింది. నీతో ఏదో చెబుతోంది. నాకు పెదవులు కదలడమే కనిపిస్తోంది. అలివేలు ఏమన్నదట? ఉన్నదున్నట్టు రాయి. – రామ్మోహనరావు

"రాత్రంతా బయట నిలబడే ఉండి ఉంటావు, పోయి నడుం వాల్చవే అక్కా" అందట. ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపిరిలో అందట. – మూర్తి